బుజ్జిగాడి మెడలో బిళ్ళ

మేనేజరు గారి కుక్కపిల్ల తొలిసారిగా ఇంటి బయట లఘుశంక తీర్చుకున్నదన్న శుభవార్త సోమవారం ఉదయం ఆఫీసు నోటీసు బోర్డు మీద వెలువడింది. కింద మేనేజరు గారి సంతకం, దాని పక్కన ఆఫీసు ముద్ర ఉన్నాయి గనుక దీన్ని పుకారని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఉద్యోగులందరూ పని మొదలుపెట్టే ముందు లేచి నిలబడి చప్పట్లు కొట్టవలసిందిగా అందులో కోరారు. ఆఫీసుల్లో కోరడమంటే ఏమిటో పాఠకులకు తెలియనిది కాదు. అందరూ లేచారు, కొట్టారు, కూర్చున్నారు.

అది ఇంటి సామాన్లు తయారుచేసే ఒక పెద్ద సంస్థకు ఫిర్యాదుల ఆఫీసు. సంస్థ అమ్మిన వస్తువు పాడైతే కొన్నవాళ్ళు ఇక్కడికి ఫోన్ చేస్తారు. ఒక పొడవాటి హాలు, వరుసలుగా బల్లలు, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్న మనుషులు. ఎవరు ఏ వస్తువు మీద తిట్లు తింటారో వాళ్ళకి ఆ పేరే స్థిరపడింది. ఫ్రిజ్జుల బాబాయ్, ఫ్యాన్ల అక్క, వాషింగ్ మెషీన్ల అమ్మాయి. అవతలివాళ్ళు ఎంత మాటన్నా, ప్రతి ఫోనూ "మీ సహనానికి ధన్యవాదాలు" అన్న వాక్యంతోనే ముగించాలని సంస్థ ఆజ్ఞ. వాళ్ళు నిద్రలో కూడా ఆ మాట అంటారని ఇళ్ళలో చెప్పుకుంటారు.

మేనేజరు గారు ఆ ఆఫీసుకు వచ్చిన కొత్తల్లో అక్కడ చూసిన అరాచకం ఇంతా అంతా కాదు. ఎవరికి ఎప్పుడు అవసరమైతే అప్పుడు లేచి, హాలు దాటి, పెరట్లో ఉన్న బాత్రూముకి వెళ్ళిపోతుండేవారు. అడిగేవాడు లేడు. ఆయన మనసు చివుక్కుమంది. వెంటనే తన గాజు గది పక్కన గోడకు ఒక మేకు కొట్టించి, దానికి ఒక చెక్క బిళ్ళ వేలాడదీయించారు. బిళ్ళ చేతిలో ఉన్నవారే హాలు గుమ్మం దాటాలి. మేకు ఖాళీగా ఉంటే బయట ఇంకెవరో ఉన్నట్టు లెక్క, వాళ్ళు వచ్చేదాకా ఆగాలి. హాలంతటికీ బిళ్ళ ఒక్కటే. రెండుంటే క్రమశిక్షణ రెండు ముక్కలవుతుందని ఆయన నమ్మకం.

"మనిషికీ పశువుకీ తేడా ఎక్కడుంది? నిగ్రహంలో ఉంది. శరీరం చెప్పినట్టు మనం వినకూడదు, మనం చెప్పినట్టు శరీరం వినాలి" అని బిళ్ళ ప్రారంభోత్సవ సభలో ఆయన ఉపన్యసించారు. దాని ఫలితాలు త్వరలోనే కనిపించాయి. జనం నీళ్ళు తాగడం తగ్గించారు. షుగరు జబ్బున్న ఫ్రిజ్జుల బాబాయ్ మంచినీళ్ళ సీసా తేవడమే మానేశాడు. మూలనున్న వాటర్ కూలర్ మీద సాలెగూడు వెలిసింది. నీటి పొదుపులో ఆదర్శంగా నిలిచినందుకు ఆ ఏడాది హెడ్డాఫీసు మేనేజరు గారికి ప్రశంసాపత్రం పంపింది.

అంతటి మనిషి జీవితంలోకి బుజ్జిగాడు వచ్చాడు.

బుజ్జిగాడిది చిన్న జాతి. ఎంత పెరిగినా పిల్లలాగే ఉండే జాతి. మేనేజరు గారి భార్య ముచ్చటపడి తెచ్చుకుంది. వచ్చిన రోజే వాడు తివాచీ మీద పోశాడు. మర్నాడు సోఫా మీద, ఆ మర్నాడు మేనేజరు గారి బూటులో పోశాడు. ఆఫీసులోనైతే ఇంతటి నేరానికి ఆయన ఏం చేసేవారో చెప్పనక్కర్లేదు. కానీ బుజ్జిగాడు తల పక్కకి వాల్చి ఆయన కళ్ళలోకి చూశాడు. ఆయన వాణ్ణి ఎత్తుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తారు.

"చిన్న జాతి సార్. లోపల సంచీ కూడా చిన్నదే. ఆపుకోమంటే ఎక్కడ ఆపుకుంటాడు?" అన్నాడు డాక్టరు. "లేవగానే, తినగానే, ఆడగానే బయటికి తీసుకెళ్ళండి. లోపల పోసేస్తే తిట్టకండి, తిడితే భయపడి మూలకి పోయి పోస్తాడు. బయట పోసినప్పుడు మెచ్చుకోండి. అంతే సార్. మీకు కావాల్సింది ఓపిక."

మేనేజరు గారి కళ్ళు చెమర్చాయి. ఇంత మానవత్వం నిండిన మాట తన ఉద్యోగ జీవితంలో వినలేదనిపించింది. ఆ రోజు నుంచి ఆయన వేరే మనిషి. తివాచీని తన చేతులతో తుడిచారు. పొరపాటున కూడా గొంతు పెంచలేదు. భార్య గుమ్మానికి కింద, కుక్కపిల్ల ముక్కుకు అందేటట్టు ఒక చిన్న గంట కట్టింది. అవసరం వచ్చినప్పుడు వాడు గంట కదిలించాలి, వీళ్ళు తలుపు తీయాలి. వాడు ఒకసారి కదిలించి, ఇంకోసారి మరిచిపోయి, మరోసారి గంట పక్కనే పోసి నేర్చుకుంటూ ఉంటే ఆయన నేల మీద చతికిలబడి "పరవాలేదు నాన్నా, మెల్లిగా నేర్చుకుందువు గానీ" అనేవారు. తనలో ఇంత దయ ఉందని ఆయనకే తెలియదు. అద్దంలో చూసుకున్నప్పుడు తన మొహం తనకే మునుపటికన్నా ముద్దుగా కనిపించసాగింది.

నోటీసు బోర్డెక్కిన శుభవార్త పూర్వాపరాలు ఇవి.

అంతలో చెల్లెలి పురుడని మేనేజరు గారి భార్యకు కబురొచ్చింది. రెండుమూడు నెలలు అక్కడే ఉండాలి. బుజ్జిగాణ్ణి ఇంట్లో ఒంటరిగా వదిలితే నేర్చుకున్నదంతా మరిచిపోతాడు. అందుచేత వాడు ఆఫీసుకు రావడం మొదలుపెట్టాడు. గాజు గదిలో వాడికొక పరుపు, ఒక నీళ్ళ గిన్నె ఏర్పాటయ్యాయి. గది తలుపు వాడి కోసం తీసే ఉంచేవారు. ఇంట్లోని గంట వచ్చి హాలు గుమ్మానికి చేరింది.

మొదటిరోజు గంట మోగగానే ఒక చిక్కు వచ్చిపడింది. బిళ్ళ లేకుండా ఎవరూ హాలు గుమ్మం దాటరాదని నియమం. బుజ్జిగాడి చేతిలో బిళ్ళ లేదు. మామూలు మేనేజరయితే తన కుక్కపిల్లే కదా అని వదిలేసేవాడు. ఈయన అలాంటివారు కారు. హాలంతా చూస్తుండగా బిళ్ళను మేకు నుంచి తీసి, రిబ్బను గుచ్చి, బుజ్జిగాడి మెడలో కట్టారు. "నియమం ముందు మనవాడూ పరాయివాడూ అని తేడా లేదు" అని ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. ఇంత నిష్పక్షపాతం ఎక్కడుంటుంది?

మాటిమాటికీ కట్టడం, విప్పడం చేస్తే వాడి మెడ ఒరుసుకుపోతుందని బిళ్ళను అలాగే ఉంచేశారు. కావలసినవారు వచ్చి, వాడు మేలుకుని ఉంటే, ఆడుకోకుండా ఉంటే, మూతి ముడవకుండా ఉంటే, అడిగి విప్పుకోవచ్చు. నిద్రపోతుంటే లేపరాదు. మెచ్చుకోలు విషయంలో డాక్టరు చెప్పింది తు.చ. తప్పకుండా అమలయింది. బుజ్జిగాడు పని ముగించుకుని వచ్చిన ప్రతిసారీ మేనేజరు గారు గుమ్మంలో నిలబడి "పోశాడు!" అని కేకేసేవారు. హాలంతా చప్పట్లు కొట్టేది. ఫోన్లో అవతలి వాళ్ళు కొందరు తమ ఫిర్యాదు నమోదైనందుకే చప్పట్లు కొడుతున్నారనుకుని పొంగిపోయేవారు.

వాషింగ్ మెషీన్ల అమ్మాయికి అప్పుడు ఐదో నెల. నీళ్ళు సరిగ్గా తాగక, వచ్చినప్పుడు వెళ్ళక ఆమెకు అప్పటికే ఒకసారి జ్వరం వచ్చి తగ్గింది. మళ్ళీ ఆపుకుంటే ఇన్ఫెక్షన్ ముదిరి బిడ్డకే ముప్పని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఉద్యోగం మానేద్దామంటే ఇల్లు గడిచేది ఆమె జీతం మీదే. ఆమె ధైర్యం కూడగట్టుకుని గాజు గదికి వెళ్ళింది.

"సార్, నాకు కొంచెం తరచుగా వెళ్ళాల్సి వస్తోంది. డాక్టరమ్మ ఆపుకోవద్దంటోంది. బిళ్ళ లేకుండా వెళ్ళనిస్తే..."

మేనేజరు గారు బుజ్జిగాడి చెవి వెనక గోకుతున్నారు. ఆయన నవ్వు మొహంతోనే సమాధానమిచ్చారు.

"అమ్మా, వీణ్ణి చూడు. నోరులేని పసివాడు. వీడే ఎంత చక్కగా నేర్చుకుంటున్నాడో! నువ్వు చదువుకున్నదానివి. మనసు మీద పట్టుండాలమ్మా. నీకొక్కదానికే వదిలేస్తే రేపు బాబాయికి షుగరంటారు, ఇంకొకరికి ఇంకోటంటారు. ఆఫీసంతా పెరట్లోనే ఉంటుంది."

"వాడు అడిగినప్పుడల్లా తీసుకెళ్తున్నారు కదా సార్?"

"వాడిది చిన్న జాతి కదమ్మా" అన్నారాయన జాలిగా.

ఆమె తిరిగొచ్చి హెడ్‌ఫోన్లు తగిలించుకుంది.

తర్వాత నాలుగు రోజులకు అనుకుంటాను, బుజ్జిగాడు గంట మోగించి, మెడలో బిళ్ళతో, మేనేజరు గారితో సహా పెరట్లోకి వెళ్ళాడు. అక్కడ ఒక ఎండుటాకు గాలికి దొర్లుతూ కనిపించింది. వాడు వచ్చిన పని మరిచిపోయి దాని వెంట పడ్డాడు. మేనేజరు గారు తొందరపెట్టలేదు. తొందరపెడితే పిల్లవాడు బెదురుతాడు. ఆయన చేతులు కట్టుకుని, చిరునవ్వుతో, ఆకు ఆగేదాకా నిలబడ్డారు. ఓపికంటే అదీ.

లోపల వాషింగ్ మెషీన్ల అమ్మాయి ఖాళీ మేకు వైపు చూస్తోంది. ఆమె చెవిలో ఎవరో పెద్దమనిషి, తన మెషీను ఇల్లంతా నీళ్ళు చేసిందని అరుస్తున్నాడు. ఆమె పళ్ళ బిగువున "అర్థమైంది సార్, అర్థమైంది సార్" అంటోంది. ఫ్యాన్ల అక్క ఆమె మొహం చూసి, "వెళ్ళిపోవే, ఏమైతే అదవుతుంది, వెళ్ళిపో" అని గుసగుసలాడింది. ఆమె లేవబోయింది. లేవడం పూర్తికాలేదు. కుర్చీ తడిసింది, నేల తడిసింది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో మేనేజరు గారు ప్రత్యక్షమయ్యారు. చంకలో బుజ్జిగాడు, మొహంలో వెలుగు.

"పోశాడు!"

హాలంతా చప్పట్లు కొట్టింది. చూసినవాళ్ళు కొట్టారు, చూడనివాళ్ళు కొట్టారు. ఆమె కూడా కొట్టింది.

తర్వాత నేల సంగతి ఆయన దృష్టికి వచ్చింది. ఆయన ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకున్నారు. "ఛీ, పెద్దదానివి, నీకు సిగ్గుగా లేదూ!" అన్నారు. బుజ్జిగాడు ఆ తడి వాసన చూస్తే పాత అలవాటులోకి జారిపోతాడేమోనని వాణ్ణి గబగబా గదిలోకి తీసుకుపోయారు. సంస్థ కుర్చీ పట్ల అజాగ్రత్తకు సంజాయిషీ ఇవ్వవలసిందిగా ఆమెకు సాయంత్రంలోగా మెమో అందింది.

బట్టలు మార్చుకునే చోట ఫ్యాన్ల అక్క తన చున్నీ తీసి ఆమె నడుముకు చుట్టింది. ఆ అమ్మాయి ఏడవలేదు. "అక్కా, నేను కూడా చప్పట్లు కొట్టానే" అని మాత్రం అంది. ఆ మాట విని ఫ్యాన్ల అక్కే ఏడ్చింది. ఇది వ్యంగ్య కథ గనుక ఇక్కడ ఎక్కువసేపు ఆగడం బాగుండదు.

అదృష్టవశాత్తూ హెడ్డాఫీసు నుంచి పెద్దసారు తనిఖీకి వస్తున్నారన్న వార్త వచ్చి మేనేజరు గారికి ఊపిరి సలపనంత పని పడింది. కుక్కపిల్లతో పెరట్లో నిలబడే తీరిక లేదు. "బుజ్జిగాడు గంట మోగించినప్పుడు దగ్గరున్న ఉద్యోగి వాణ్ణి బయటికి తీసుకువెళ్ళవలెను" అని నోటీసు బోర్డు మీద ఉత్తర్వు వెలువడింది. మొదట ఫ్యాన్ల అక్క తీసుకెళ్ళింది. వాణ్ణి బాత్రూము ముందు కట్టేసి తను లోపలికి వెళ్ళివచ్చింది. తిరిగివచ్చిన ఆమె మొహంలోని ప్రశాంతత చూసి హాలు హాలంతా విషయం గ్రహించింది.

ఇక అక్కడినుంచి బుజ్జిగాడి మీద ఆ ఆఫీసు కురిపించిన ప్రేమ వర్ణించతరం కాదు. వచ్చేవాళ్ళు బిస్కెట్లతో వస్తున్నారు. గంటకు బిస్కెట్ పొడి పూస్తున్నారు. వాడు ముక్కుతో గంట కదిలిస్తే ముక్క, మళ్ళీ కదిలిస్తే మళ్ళీ ముక్క. ఒకసారి తప్పుచేసినా ఎవరూ విసుక్కోలేదు. మెల్లిగా, ఓపిగ్గా, మెచ్చుకుంటూ నేర్పారు. ఫ్రిజ్జుల బాబాయ్ గొంతు సవరించుకుంటే చాలు, బుజ్జిగాడు గంట దగ్గరికి పరుగెత్తే స్థితికి వచ్చాడు. ముందు వంతు ఎప్పుడూ వాషింగ్ మెషీన్ల అమ్మాయిదేనని ఎవరూ చెప్పకుండానే అందరూ ఒప్పుకున్నారు. బాబాయ్ మంచినీళ్ళ సీసా తెచ్చుకున్నాడు. వాటర్ కూలర్ మీద సాలెగూడు ఎవరో దులిపారు. "ఇప్పుడు బాగుందమ్మా, ఇలాగే జాగ్రత్తగా ఉండు" అని డాక్టరమ్మ అంది.

గంట మోత మరీ ఎక్కువైందని మేనేజరు గారి గుండెల్లో రాయి పడింది. పిల్లవాడికి జబ్బేమోనని పశువుల డాక్టర్ని పిలిపించారు. డాక్టరు వాణ్ణి అటూ ఇటూ తిప్పి చూసి, "జబ్బేం లేదు సార్. కాస్త ఒళ్ళు చేశాడు. అయినా ఇంత బాగా నేర్చుకున్న కుక్కపిల్లని నేను చూళ్ళేదు. చాలా ఓపిక పట్టి ఉంటారు" అన్నాడు.

"ఏదో, నా శాయశక్తులా" అన్నారు మేనేజరు గారు కళ్ళు దించుకుని.

పెద్దసారు వచ్చిన రోజున సభ జరుగుతుండగానే గంట మోగింది. పెద్దసారంతటివాడు మాట మధ్యలో ఆపి, పక్కకి జరిగి బుజ్జిగాడికి దారిచ్చాడు. తర్వాత ఆవేశం పట్టలేక ఉపన్యాసం మార్చేశాడు. "మూగజీవానికే ఇంత క్రమశిక్షణ నేర్పిన ఆఫీసు, మనుషులకు ఎంత నేర్పి ఉంటుంది! ఒక్కరైనా లేస్తున్నారా చూడండి! మీ మేనేజరు దయ ముందు నేను తలవంచుతున్నాను" అని మేనేజరు గారికి తన వెంట తెచ్చిన షీల్డు బహూకరించాడు. దాని మీద 'సహనమూర్తి' అని చెక్కించి ఉంది.

ఇంతలో మేనేజరు గారి భార్య తిరిగివచ్చింది. బుజ్జిగాడు ఇల్లు చేరాడు. బిళ్ళ మేకుకు చేరింది. హాలంతా ఇంట్లో మనిషి పోయినట్టయింది.

ఆ మధ్యాహ్నం క్యాంటీనులో అందరూ బల్ల చుట్టూ చేరారు. వాషింగ్ మెషీన్ల అమ్మాయికి ఎనిమిదో నెల వస్తోంది. ఏదో ఒకటి చెయ్యాలి.

"సారుని ఇంకో బిళ్ళ అడుగుదాం" అంది ఆ అమ్మాయి.

ఎవరో టీలో చక్కెర కలుపుతూనే ఉన్నారు.

"ఇంకో బిళ్ళా? ఎదురు తిరిగామనుకోరూ?" అన్నాడు ఫ్రిజ్జుల బాబాయ్. "నాకింక రెండేళ్ళే ఉంది సర్వీసు."

"మొన్ననేగా ఆయనకి షీల్డు ఇచ్చారు. ఇప్పుడే అడిగితే ఏం బాగుంటుంది?" అన్నారు ఇంకొకరు.

"పోనీ, బిళ్ళ మాట ఎత్తకుండా..." అంది ఫ్యాన్ల అక్క. ఆమె కళ్ళు మెరిశాయి. "ఇంకో కుక్కపిల్లని అడిగితే?"

అందరి ప్రాణాలూ లేచివచ్చాయి. ఇంత సుళువైన మార్గం ఇంతసేపూ తట్టనందుకు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. అర్జీ అప్పటికప్పుడు తయారైంది. బుజ్జిగాడు లేని ఆఫీసు బోసిపోయిందనీ, మూగజీవాల సేవకు తాము బాగా అలవాటు పడ్డామనీ, దయచేసి ఆఫీసుకే ఒక కుక్కపిల్లను మంజూరు చేయవలసిందనీ రాశారు. అవసరం అందరికన్నా ఎక్కువ నీదే కదా అని మొదటి సంతకం వాషింగ్ మెషీన్ల అమ్మాయి చేత పెట్టించారు. ఆమె కలం పట్టుకుని కాసేపు ఆలోచించింది. తర్వాత పెట్టింది.

అర్జీ చదివి మేనేజరు గారు పొంగిపోయారు. కుర్చీలో కూర్చోలేక లేచి నిలబడ్డారు. "నేను మీ గురించి తప్పుగా అనుకున్నాను. మీరూ మనుషులే" అన్నారు. ఉద్యోగుల అర్జీ ఒకటి ఆ సంస్థలో మంజూరు కావడం అదే మొదలు. వారం తిరక్కుండానే హెడ్డాఫీసు ఖర్చుతో కొత్త కుక్కపిల్ల దిగింది. బుజ్జిగాడికన్నా చిన్న జాతి. కళ్ళు తెరిచి ఎన్నాళ్ళో కాలేదు. మేనేజరు గారు సభ చేసి, బిళ్ళకు కొత్త రిబ్బను గుచ్చి, దాని మెడలో కట్టారు.

"దీనికి గంటంటే ఏమిటో ఇంకా తెలియదు. రోజంతా నిద్రపోతుంది. లేపకండి. కొత్త చేతులకి బెదురుతుంది, నేర్చుకునేదాకా నేనే బయటికి తీసుకెళ్తాను. కొన్ని నెలలు పట్టచ్చు" అన్నారు. "మీ అందరికీ కావాల్సింది ఒక్కటే. ఓపిక."

అందరూ చప్పట్లు కొట్టారు. నిద్రాభంగం కాకుండా మెల్లిగా కొట్టారు.

ఇప్పుడు ఆ హాలు నిశ్శబ్దంగా ఉంటుంది. కుక్కపిల్ల లేస్తుందేమోనని అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. ఫిర్యాదుల ఆఫీసువాళ్ళ మర్యాద ఈ మధ్య ఎంతో మెరుగైందని కొన్నవాళ్ళు ఉత్తరాలు రాస్తున్నారు. గాజు గదిలో పరుపు మీద, బిళ్ళను గడ్డం కింద పెట్టుకుని, కుక్కపిల్ల గురకపెడుతోంది. మూడో వరుసలో వాషింగ్ మెషీన్ల అమ్మాయి మోకాళ్ళు దగ్గరికి నొక్కిపెట్టి, ఒక చెయ్యి పొట్ట మీద వేసుకుని ఖాళీ మేకు వైపు చూస్తోంది. చెవిలో ఎవరో మనిషి విసిగిపోయి అడుగుతున్నాడు.

"నెలల తరబడి ఇదే మాట చెప్తున్నారు కదమ్మా. ఇంకా ఎన్నాళ్ళు ఓపిక పట్టాలి మేము?"

ఆ మనిషి మనలో ఒకడే. అతను కూడా ఎవరి మీదా ఫిర్యాదు గట్టిగా చేసినవాడు కాడు. ఫోన్ పెట్టేశాక అదే సంస్థ చేసిన ఇంకో మెషీను కొనుక్కుంటాడు.

"మీ సహనానికి ధన్యవాదాలు సార్" అంది ఆ అమ్మాయి, గుసగుసగా.